గెనుసుగడ్డలకు బీగం

ఆ రోజుల్లో, అంటే నేను ఆదోని నుంచి ఎమ్మిగనూరుకు కోడలిగా వచ్చిన కొత్తలో, లోకంలో నేను తప్ప నమ్మదగ్గ మనిషి మరొకరు లేరని నా గట్టి అభిప్రాయం. మా నాయన ఆదోని మార్కెట్లో పత్తి తూకం వేసేవాడు. కాటా మీద కన్నేసి ఉంచడం పుట్టింటివాళ్లు నాకు పెట్టిన సారె. అత్తగారిది మగ్గం ఇల్లు, అక్కడా నూలు తూచి తెచ్చుకోవడం, చీర తూచి అప్పజెప్పడమే. ఇక అనుమానం నాకు ఆడపడుచు లాంటిది, పిలవకుండానే వచ్చి పక్కన కూర్చునేది.

పక్కింటి ఖాలా (ఖాలా అంటే పిన్ని, వీధిలో అందరికీ ఖాలానే, మా అత్తకు కూడా) ఇచ్చిన తీగలతో పెరట్లో మొదటిసారి గెనుసుగడ్డలు, అదే చిలగడదుంపలు, పండించాను. సగం ఆమెకు, సగం మాకు అని ఒప్పందం. రంజాన్ దాకా నిలవుండాలని ఆమె ఆశ. ఒక సంచి మా అమ్మకు పంపి గొప్పలు చెప్పుకోవాలని నా ఆశ. తవ్విన రోజు నేను బకెట్‌తో నీళ్లు తెస్తే ఖాలా కేకేసింది. "కడగాకు బేటీ! మన్ను అట్లే ఉండనీ. పది దినాలు ఎచ్చగా పెడితే తోలు గట్టిపడతాది, గాయాలు మానుతాయి. ఆమీట ఇసకలో దాసిపెడితే నెలలు ఉంటాయి." మా ఇంట్లో ఒక మగ్గం పని ఆగిపోయి ఉండేది. దాని కింద నేసేవాళ్లు కాళ్లు పెట్టుకునే గుంత వెచ్చగా, కాస్త చెమ్మగా ఉంటుంది కాబట్టి, గడ్డలన్నీ తూచి అందులో పేర్చి గోనెపట్టా కప్పాము.

అప్పటి నుంచి ఖాలా రోజూ వచ్చేది. సరిగ్గా నేను పొయ్యి దగ్గర ఉన్నప్పుడే వచ్చేది (అదీ నాకు అనుమానమే). పట్టా ఎత్తి, గడ్డలు తడిమి, వాసన చూసి, పోయేటప్పుడు కొంగులో ఏదో కట్టుకుని పోయేది. నేను నూలు తూచే కాటా తెచ్చి గడ్డలన్నీ తూచాను. తగ్గాయి. రెండు రోజులాగి తూస్తే ఇంకా తగ్గాయి. ఆగలేక అడిగేశాను.

"కొంగులో ఏముంది ఖాలా?"

"కుళ్లింది బేటీ. పెంటతిప్పలో ఏసేకి పోతాండా."

కుళ్లినదాన్ని ఎవరైనా కొంగులో కట్టుకుంటారా అని, మరుసటి పొద్దున మగ్గం గదికి తాళం వేశాను. ఖాలా వచ్చి తలుపు చూసింది. "బీగమేసినావా?"

"పిల్లి వస్తాంది ఖాలా."

"గెనుసుగడ్డ తినే పిల్లిని నేను యాడా సూళ్లేదు" అని వెనక్కి తిరిగి వెళ్లిపోయింది. మళ్లీ మా గడప తొక్కలేదు.

నాలుగు రోజుల తర్వాత తలుపు తీస్తే గుప్పున కుళ్లువాసన. అయినా పట్టు విడవకుండా తూచాను. మళ్లీ తగ్గింది! తాళంచెవి నా నడుముకే ఉంది. ఇక మిగిలిన దొంగను నేనొక్కదాన్నే. సంగతి విన్న అత్త నెత్తి కొట్టుకుంది. "తడి నూలు ఆరితే తూకం తగ్గదా? పత్తి తూసేటోని కూతురివి, నేతోళ్ల కోడలివి, ఆ మాత్రం తెలీదా? ఆయమ్మ కుళ్లినవి ఏరి పారేస్తాంటే కదా మిగిలినవి నిలిచినాయి!" ఏరేవాళ్లు లేక సగం గడ్డలు చెడిపోయాయి. నేను ఏడ్చాను, గడ్డల కోసం కాదు.

బాగున్నవన్నీ గంపకెత్తుకుని ఖాలా ఇంటికి వెళ్లాను. "అన్నీ నీవే ఖాలా. తాళంచెవి కూడా నీ దగ్గరే పెట్టుకో" అన్నాను. ఆమె ఒక్కొక్కటీ వాసన చూసి రెండు కుప్పలు పోసి, ఒకటి నా వైపు తోసింది. "బీగంచెవి నాకేల? ముక్కుంది, సాలు."

ఇప్పుడు ఖాలాకు మోకాళ్ల నొప్పులు, మా గుంత దాకా రాలేదు. గడ్డలు పండిన ప్రతిసారీ నేనే గంపలో పెట్టుకుని ఆమె మంచం దగ్గరికి తీసుకుపోయి వాసన చూపిస్తాను. లేచి వచ్చేటప్పుడు ఆమె ఊరుకోదు.

"ఆగు బేటీ, కొంగు సూపిచ్చి పో."

నేను కొంగు విప్పి, బాగా దులిపి మరీ చూపిస్తాను. ఇద్దరం నవ్వుకుంటాం. ఆ తాళం వేసిన పిల్ల మీద ఆమెకు కోపం ఏనాడో పోయింది. నాకే, ఆ పిల్ల తరఫున, ఇంకా కాస్త సిగ్గు మిగిలి ఉంది.