అరకులో మా పాప వయసు

1997 డిసెంబరులో ఒక శనివారం ఉదయం 6.50కి విశాఖపట్నంలో బయలుదేరిన పాసింజరు, దాదాపు నూట ముప్పై కిలోమీటర్లు ఎక్కి, 11.40కి అరకు చేరింది. ఆనాటికి మా పాపకు ఐదేళ్ళ రెండు నెలలు. లాడ్జి గోడమీద బోర్డు ప్రకారం ఐదేళ్ళు దాటిన పిల్లలకు రోజుకు అరవై రూపాయలు అదనం. కొలతల్లో మిల్లీమీటరు తేడా ఒప్పుకోని వృత్తి నాది. అయినా అలసటలో రిజిస్టరులో నాలుగున్నర అని రాశాను. పాప నా పక్కనే నిలబడి ఉంది.

గదిలో రెండే కంబళ్ళున్నాయి. రెండూ ఒంటి మనిషికి సరిపోయేవే. సముద్రతీరపు ఉక్కకు అలవాటుపడిన నేనూ నా భార్యా పాపకు ఒక పలుచని స్వెట్టరే తెచ్చాం. సాయంత్రానికి దగ్గు మొదలైంది. మూడో కంబళి అడగడానికి కిందికి వెళ్తే పాప నా వెంట వచ్చింది.

"రిజిస్టర్లో ఐదేళ్ళు దాటినోళ్ళు ఎంతమందుంటే అన్నే కంబళ్ళు బాబూ. సిన్న గుంటకి లెక్కలేదు," అన్నాడు గుమాస్తా, పాపను చూపిస్తూ.

జేబులోంచి అరవై తీసి బల్లమీద పెట్టాను.

"మజ్జానానికి నాలుగున్నరే కదా. ఇంత బేగి పెరిగిపోనాదేటి బాబూ, గుంట?"

అతడు వయసు దిద్ది, కంబళి ఇచ్చాడు.

ఆ తర్వాత ఏ కౌంటరు ముందు ఆగినా పాప మెల్లగా అడిగేది: "నాన్నా, ఇక్కడ నాకెన్నేళ్ళు?"

అదనపు చార్జీ అరవై, దగ్గుమందు పద్దెనిమిది, మొత్తం డెబ్బై ఎనిమిది రూపాయలు. అది కాక, పాపకు నా అంకెలమీద ఉన్న నమ్మకం.