డోలక్, డెబ్బై శాతం

మా ఆయన హార్మోనియం తిత్తిని ఎలుకలు కొరికిన ఏడాదే పల్లెలో మా ఆడవాళ్ళ చెక్కభజన జట్టు మొదలైంది. ఆయనకు పుట్టుకతోనే చూపు లేదు. మాది పరుపులు కుట్టే దూదేకులవాళ్ళ ఇల్లు. ఆయనా దూది ఏకుతాడు, పరుపు కుడతాడు. కానీ ఎవరైనా ఏం పని చేస్తావని అడిగితే మాత్రం "హార్మోనియం వాయిస్తా" అనే చెబుతాడు. చుట్టుపక్కల ఎక్కడ భజన జరిగినా గురువు పక్కన ఆయనకొక చోటు ఉండేది. మా ఇంట్లో ఆస్తి అంటూ ఉంటే అదే.

హార్మోనియం పెట్టెను అనంతపురం తీసుకుపోయాం. బాగుచేసే ముసలాయన తిత్తి చూసి, లోపలి రీడ్లు చూసి, ఇంక లాభం లేదమ్మా అన్నాడు. తిరుగు బస్సులో ఆయన పెట్టెను ఒళ్ళో పెట్టుకొని దాని మెట్ల మీద ఊరికే వేళ్ళు ఆడిస్తూ కూర్చున్నాడు. చప్పుడేమీ రాలేదు. దిగేదాకా నేను ఆ వేళ్ళనే చూస్తూ వచ్చాను.

నేను బడిలో చదివింది ఏడో తరగతే. మిగతాదంతా మండలం లైబ్రరీలో చదివాను. ఈ మాట గర్వంగానే చెబుతున్నాను. కోళ్ళ పెంపకం నుంచి నక్షత్రాల దాకా అక్కడ నేను తెరవని బీరువా లేదు. సంతకు పోయినప్పుడల్లా ఒక పుస్తకం తెచ్చి, సాయంత్రం పరుపు కుట్టే ఆయన పక్కన కూర్చొని పైకి చదివేదాన్ని. పెట్టె పాడైన వారం, శబ్దం ఎలా పుడుతుందో చెప్పే పుస్తకం ఒకటి దొరికింది. గాలి అదిరితేనే శబ్దమని అందులో ఉంది.

"ఆ పుస్తకం ఎలకలకు చదివి వినిపించుంటే బాగుండు" అన్నాడాయన.

ఆయన ఫోనులో ఒక ఆడగొంతు ఉంది. తెర మీద వేలు ఆనిన చోట ఏముందో అది చదివి చెబుతుంది. మా అత్తకు ఆ గొంతంటే పరాచికం. నేను వంటింట్లో ఉంటే, "ఇదో, నీ సవితి పిలుస్తాండాది సూడు నీ మొగున్ని" అని కేకేసేది. హాస్టల్లో ఆయనతోపాటు చదివిన స్నేహితుడు ఒకడు, అతనికీ చూపు లేదు, అనంతపురంలో ఉంటాడు. పెట్టె పోయిందని తెలిసి, ఫోనులోనే వాయించుకోవచ్చు, ఫలానా యాప్ ఎక్కించుకో అని గొంతు రికార్డు చేసి పంపాడు.

ఎక్కించాము. తెర మీద తెల్లమెట్లు, నల్లమెట్లు నాకు చక్కగా కనిపిస్తున్నాయి. ఆయన వేలు పెట్టాడు. స్వరం రాలేదు. "బటన్" అంది ఆడగొంతు. పక్కమెట్టు మీద పెట్టాడు. "బటన్." ఎంత దూరం జరిపినా అదే మాట.

"మే, మీ లైబ్రరీలో యాడన్నా రాసిండారా, బటన్ రాగమని?" అన్నాడు.

నవ్వుతూనే అన్నాడు గానీ ఫోను పక్కన పెట్టేశాడు. నేను లైబ్రరీకి పోయి పాత కంప్యూటర్ పత్రికలన్నీ తిరగేశాను. యాప్ తయారు చేసేవాళ్ళు ప్రతి బటన్‌కూ పేరు రాసిపెడితేనే ఆ గొంతు చదవగలదని ఒక చోట ఉంది. అది చదివాక, తప్పు ఆయన వేళ్ళది కాదని చెప్పడానికి ఇంటికి పరుగున వచ్చాను. ఈలోపు స్నేహితుడు ఇంకో యాప్ పేరు పంపాడు. అందులో మెట్ల మీద వేలు పడితే ఆ గొంతు నోరు మూసుకుంటుందట, మిగతా అన్నిటికీ పేర్లు ఉన్నాయట.

ఆయన వేలు పెట్టాడు. సా పలికింది.

నమాజు ముగించి చాప మడుస్తున్న మా అత్త అట్లాగే ఆగిపోయి, "పెట్టె బాగయ్యిందేమిరా?" అంది.

ఆ పంట కాలమంతా వాన సరిగా రాలేదు గానీ మా ఇంట్లో పాటకు కరువు లేదు. శ్రుతి ఒక వరుస, దాని మీద హార్మోనియం ఒక వరుస, దాని మీద డోలక్, ఒకదాని మీద ఒకటి పరుపులో దూది పరిచినట్టు పరిచేవాడు. అప్పటికి మా జట్టుకు పక్క ఊరి గురువు ఆదివారాలు వచ్చి అడుగులు నేర్పుతున్నాడు. మిగతా రోజుల్లో సాధనకు పాట కావాలి. ఆయన తన వరుసలను ఫోను స్పీకర్లో మోగిస్తూ, గురువు పాడుతుండగా అంతా కలిపి రికార్డు చేశాడు. చరణం ముగిసి మేము వరుస విడిచి గుండ్రంగా తిరిగే చోట డోలక్ గట్టిగా ఉండాలి. అక్కడ ఆయన వేలితో డోలక్ శబ్దం పెంచేవాడు. పెంచినప్పుడల్లా ఆడగొంతు తన పని తాను చేసింది. "డోలక్, డెబ్బై శాతం." గొంతెత్తి పాడుతున్న గురువు దాన్ని పట్టించుకోలేదు.

ఇయర్‌ఫోన్లు పెట్టుకుంటే ఆ గొంతు ఆయన చెవికే వినిపించేది, పాటలో పడేది కాదు; వరుసలను యాప్ లోపలే కలుపుకునేది. స్నేహితుడు ముందే చెప్పాడు. ఈయన వినలేదు.

"చెవులు మూసుకుంటే నేను యాడుండానో నాకే తెలీదు మే. నువ్వు కండ్లకు గంతలు కట్టుకొని వంట చేస్తావా?"

అలా ఆ గొంతుతో ఉన్న పాటకే మేము నెల పైగా సాధన చేశాం. చెనక్కాయ చేలల్లో కూలికి పోయి వచ్చిన ఆడవాళ్ళం, బడి ముందర మట్టిలో చెక్కలు పట్టుకొని ఆడేవాళ్ళం. ఒక ఆదివారం గురువు ఆ రికార్డును మొదటిసారి విన్నాడు.

"ఎవురప్పా ఈయమ్మ? రాముని పాటలో దూరి డెబ్బై శాతమంటాదే, పరీక్ష మార్కులా?"

మేమంతా నవ్వాం. గురువు నవ్వలేదు.

"దేవుని తేరు లాగేనాడు ఈ గొంతు ఇనపడిందంటే పదూర్ల ముందర నా పరువు పోతాది. తీసేయి. నీతో కాకపోతే చెప్పు, సోమందేపల్లె నుంచి హార్మోనియం ఆయప్పను పిలిపిస్తా. నువ్వు ఇంటికాడ కూచ్చుందువు."

"తీసేస్తా అన్నా" అన్నాడు మా ఆయన. ఆ రాత్రి సంగటి సగమే తిన్నాడు.

గురువుకు మళ్ళీ పాడే తీరిక తేరుకు ముందురోజు సాయంత్రం గానీ దొరకలేదు. మా ఆయన రెండు చెవుల్లో ఇయర్‌ఫోన్లు పెట్టుకొని గోడకు ఆనుకొని కూర్చున్నాడు. పెట్టుకున్న క్షణంలోనే ముఖం వాడిపోయింది. సంతలో చెయ్యి వదిలిన పసివాడిలా తల అటూ ఇటూ తిప్పాడు.

"మే, నువ్వు నా పక్కన కూచ్చో. నీ కాలు నా కాలికి తగులుతా ఉండల్ల."

నేను కాలు చాపి కూర్చున్నాను. ఆయన తన పాదం నా పాదం మీద పెట్టుకున్నాడు. పాట ముగిసేదాకా నేను కదల్లేదు. తాళం మటుకు ఆయన బొటనవేలి నుంచి నాకు తెలుస్తూనే ఉంది. రికార్డు వినిపిస్తే గురువు కళ్ళు మూసుకొని మొత్తం విని, "ఇదీ పాటంటే" అన్నాడు. ఆడగొంతు ఎక్కడా లేదు.

తేరునాడు ఊరంతా దుమ్ము. కొబ్బరికాయలు, బొరుగులు, పిల్లల బూరలు. మేము ఒకే రంగు చీరల్లో వరుసగా నిలబడ్డాం. గురువు పక్కన, స్పీకరు దగ్గర, ఆయన తన చోట్లో ఫోను పట్టుకొని కూర్చున్నాడు. నిన్నటి రికార్డు మొదలైంది. మొదటి చరణం దాకా బాగా నడిచింది. చరణం ముగిసింది, డోలక్ పెరిగింది. మేము తిరగలేదు.

ఎందుకంటే మేము దేనికోసమో ఎదురుచూస్తున్నాం. వరుసలో నా ముందున్న మా వదిన ఆలస్యంగా తిరిగింది, నేను తిరగలేదు, నా వెనకావిడ వచ్చి నాకు తగిలింది. ఒక్కటిగా పడాల్సిన చెక్కలు బండి నుంచి రాళ్ళు దొర్లినట్టు పడ్డాయి. డోలక్ వినబడక కాదు. నెల పైగా మా కాళ్ళు డోలక్‌కు తిరగడం లేదు, ఆ గొంతుకు తిరుగుతున్నాయి. అది మాకెవరికీ తెలియలేదు.

గురువు ముఖం నల్లబడింది. ఎట్లాగో వరుస సర్దుకొని రెండో చరణం ఎత్తుకున్నాం. ఇది తప్పితే గురువు పక్కన ఆ చోటు పోయినట్టే. మా ఆయన తల వంచి మా చెక్కలనే వింటున్నాడు. చరణం ముగిసింది.

"డోలక్, డెబ్బై శాతం!"

ఫోను కాదు. ఆయన అరిచాడు. అదే రాగం లేని గొంతు, అదే విరుపు, కాకపోతే మగగొంతు. వరుసంతా ఒక్క ఊపున తిరిగింది. చెక్కలు ఒక్కటిగా పడ్డాయి. వదిన నవ్వాపుకోలేక పెదవి కొరుక్కుంటోంది. చూసేవాళ్ళు అదీ భజనలో భాగమే అనుకున్నారు. మూడో చరణం దగ్గర ఆయనతోపాటు పిల్లలు కూడా అరిచారు.

ఆట ముగిశాక గురువు నీళ్ళు తాగి, తువ్వాలుతో మూతి తుడుచుకొని వచ్చాడు.

"ఆ గొంతును తీసేసినా కదన్నా" అన్నాడు మా ఆయన, తిట్లు పడతాయనుకొని.

"తీసేసినావు. మళ్ళా నువ్వే ఎక్కించినావు." గురువు ఆయన పక్కన కూలబడ్డాడు. "సోమందేపల్లె ఆయప్ప హార్మోనియం బాగా వాయిస్తాడు. మనోళ్ళు యాడ తిరగల్లో ఆయప్పకేం తెలుసు? ఆదివారం కొత్త పాట ఎత్తుకుందాం. ఈ మాదిరే నా పక్కన కూచ్చో."

"చెవుల్లో వైర్లు పెట్టుకోవాల్నా అన్నా?"

"వద్దులేప్పా. ఆయమ్మ కూడా మన జట్టే కదా ఇంక."

ఆదివారం ఇయర్‌ఫోన్లు గోడకు, పాత హార్మోనియం పైన ఉన్న మేకుకు తగిలించే ఉన్నాయి. గురువు గొంతు సవరించుకున్నాడు. మా ఆయన ఫోను చేతిలోకి తీసుకొని, పాదంతో నేల మీద తడుముతూ నా పాదాన్ని వెతికి పట్టుకున్నాడు.

"ఈరోజు చెవులు తెరిచే ఉండాయి కదా" అన్నాను.

"ఉండనీ మే" అన్నాడు.