పదకొండో తెప్ప

ఆ రేవులో ప్రతి తెప్పకూ ఒక పేరుంది. వరసే ఉండేది కాదు. సముద్రం మీంచి ఎవరు ముందొచ్చినా, వేలం పాడే గంగులు ఎవరిని ముందు పిలిస్తే వాళ్ల చేపే ముందు అమ్ముడయ్యేది. చేపను పట్నం తీసుకెళ్లే ఐసు వ్యాను వెళ్లిపోయాక మిగిలిన చేపకు ధర ఉండదు. ఆ మిగిలేది ఎప్పుడూ నూకయ్యలాంటి చిన్న తెప్పలవాళ్లదే.

నూకయ్య కూతురు కుసుమకుమారి. శ్రీకాకుళంలో పాలిటెక్నిక్‌లో కంప్యూటర్లు చదువుతూ, మధ్యలో పెళ్లి కుదరడంతో మానేసింది. భర్త ఈశ్వర్ ఏడాదిలో ఎక్కువ నెలలు గుజరాత్ వైపు బోట్ల మీదే ఉంటాడు. రేవు షెడ్డులో ఐసు అమ్ముతూ ఆమె రోజూ గంగులు పిలుపు వినేది, తండ్రి పేరు ఎక్కడ వస్తుందో చూసేది.

పాత సామాన్ల కొట్లో ఎర్ర అక్షరాలు పరుగెత్తే లైట్ల బోర్డు ఒకటి కనబడితే కొనుక్కొచ్చింది. దాని వెనక అగ్గిపెట్టెంత చిప్పు తగిలించి, మరిచిపోయిన సి భాషను ఫోనులో పాఠాలు చూసి మళ్లీ నేర్చుకుని ప్రోగ్రాము రాసింది. తెప్ప ఒడ్డు తాకగానే ఆమె దాని పేరు కొడుతుంది. పేరు బోర్డులో చివర చేరుతుంది. చేప అమ్ముడైతే చెరిగిపోతుంది. బోర్డు చూపిన వరసలోనే వేలం జరగాలని ఊరిపెద్ద కూర్మయ్య తీర్పు చెప్పాడు. గంగులుకు అది నచ్చలేదు.

చలికాలమంతా బోర్డు బాగా నడిచింది. ఒక ఉదయం కవళ్ల చేపల గుంపు ఒడ్డు దగ్గరికి రావడంతో ఊళ్లో ఉన్న తెప్పలన్నీ సముద్రంలోకి దిగాయి. తిరిగొచ్చేటప్పుడు పది పేర్లు బోర్డెక్కాయి. పదకొండోది ఎక్కలేదు. కుసుమ ఎన్నిసార్లు కొట్టినా ఎక్కలేదు. ప్రోగ్రాములో ఆమె పేరుకొకటి చొప్పున పది గదులే కట్టింది మరి. ఆ పదకొండో తెప్ప నూకయ్యది.

గంగులు ఇసకలో నిలబడి బోర్డు వైపు చూసి, అందరికీ వినబడేలా అన్నాడు.

"నూకయ్య బావా, నీ కూతురి బోర్డుల నీకే సోటు నేదేటి?"

రేవంతా నవ్వింది. నూకయ్య వంతు వచ్చేసరికి ఐసు వ్యాను వెళ్లిపోయింది, అతని చేప ఆ రోజు ఎండకు పోయింది.

సాయంత్రం కూర్మయ్య ఆమెను పిలిపించాడు. పదికి బదులు ఇరవై గదులు కట్టెయ్యమని ఆయన సలహా. కుసుమ తల అడ్డంగా ఊపింది.

"ఇరవై ఎడితే ఇరవై ఒకటో తెప్ప వస్తాది తాతా. ఎన్నొస్తే అన్నీ పట్టాల."

ఆయన మళ్లీ కవళ్లు పడే రోజు దాకా గడువిచ్చాడు. ఆ రోజు కూడా తప్పితే బోర్డు దిగిపోతుంది, గంగులు పిలుపే పిలుపు.

ఆ తర్వాత తాను చేసిన పనిని, ఈ కథ రాస్తున్న నాకు అర్థమయ్యేదాకా ఆమె విసుక్కోకుండా చెప్పింది. ముందుగా గదులు కట్టడం మానేసింది. తెప్ప వచ్చినప్పుడే దానికో గది మెమరీని అడిగి తీసుకుంటుంది. ప్రతి గదిలో రెండే సంగతులు: తెప్ప పేరు, దాని వెనక తెప్ప ఉన్న గది చిరునామా. కొత్త తెప్ప వస్తే చివరి గదిలో దాని చిరునామా రాస్తే చాలు. అలా గొలుసు ఎంతైనా పెరుగుతుంది.

పెరగడం బాగానే పెరిగింది. తగ్గడం దగ్గరే చిక్కొచ్చింది. చేప తక్కువ పడ్డవాళ్లు వేలం వద్దనుకుని వరస మధ్యలోంచి తప్పుకుంటుంటారు. ఇంట్లో పరీక్షగా మధ్య పేరు ఒకటి తీసేస్తే, దాని వెనకున్న పేర్లన్నీ మాయమయ్యాయి, లేదంటే పిచ్చి అక్షరాలు పరుగెత్తాయి. ఎక్కడ తప్పిందో ఆమెకు అంతుపట్టలేదు. ఈలోగా కవళ్లు మళ్లీ వస్తున్నాయన్న కబురు వచ్చింది.

మర్నాడు తల్లి బుల్లమ్మతో కలిసి ఊరవతల చేపలమ్మి తిరిగి వస్తోంది. దారిలో సముద్రంలో కలిసే ఏరొకటి దాటాలి. పోటు ఎక్కుతుంటే ఆడవాళ్లు ఖాళీ గంపలు నెత్తిన పెట్టుకుని, ఒకరి చెయ్యి ఒకరు పట్టుకుని వరసగా దాటుతారు. సగం ఏట్లో, వరస మధ్యలో ఉన్న తాయారు గంప కింది చుట్టకుదురు జారి నీళ్లలో పడింది. దాన్ని అందుకోవాలని ఆమె చెయ్యి విదిలించబోయింది. వెనకనుంచి బుల్లమ్మ అరిచింది.

"ఆగవే తాయారూ. నీ ముందున్నదాని సెయ్యి నీ ఎనకదాని సేతిలో ఎట్టు. అప్పుడు నువ్వొదులు."

తాయారు అలాగే చేసింది. వరస తెగలేదు. కుసుమ మాత్రం మొలలోతు నీళ్లలో ఆగిపోయి నవ్వసాగింది. ఏటైందే అని తల్లి కసిరింది.

తన ప్రోగ్రాము ముందు చెయ్యి వదిలేస్తోంది. తీసెయ్యాల్సిన గదిని ముందే మెమరీకి అప్పగించేసి, ఆ తర్వాత ఆ గదినే వెనకవాళ్ల చిరునామా అడుగుతోంది. ఖాళీ చేసి వెళ్లిన ఇంటి తలుపు తడితే ఎవరు పలుకుతారు? ఇంటికెళ్లి తడిచీరతోనే కూర్చుని, ముందు ఇటువాళ్లను అటువాళ్లతో కలిపి, ఆ తర్వాత గది వదిలేలా ప్రోగ్రాములో రెండు వరసలు తారుమారు చేసింది. ఏ పేరు తీసినా మిగతావి నిలబడ్డాయి.

కవళ్లు పడిన రోజు తెప్పలు ఒకదాని వెంట ఒకటి ఒడ్డు తాకాయి. బోర్డు మీద పేర్లు చేరుతూ పోయాయి. పదో పేరు దాటి నూకయ్య తెప్ప పేరు ఎక్కేసరికి షెడ్డులో ఎవరో ఈల వేశారు. ఆ తర్వాత కూడా పేర్లు ఆగలేదు.

అసలు పరీక్ష అప్పుడే వచ్చింది. నూకయ్యకు సరిగ్గా ముందున్న దానమ్మ వాళ్ల తెప్పలో వల సగం చిరిగి చేప తక్కువ పడిందట, తప్పుకుంటామన్నారు. కుసుమ ఆ పేరు ఎంచుకుంది. నొక్కింది. దానమ్మ పేరు పోయింది. వెనక పేర్లన్నీ ఒక మెట్టు ముందుకు జరిగి, ఒక్కటీ తగ్గకుండా పరుగెత్తాయి.

గంగులు వేలం పాడుతూ వచ్చి, అలవాటు కొద్దీ, ఎప్పుడూ ముందు పిలిచే తన బావమరిది తెప్ప వైపు తిరిగాడు. ఇసకలో ఉన్నవాళ్లంతా ఒక్కసారిగా బోర్డు వైపు చేతులు చూపించారు. గంగులు గొంతు సవరించుకుని నూకయ్య పేరు పిలిచాడు.

నూకయ్య గంపలు దించుతూ తీరుబడిగా అన్నాడు.

"సూడు బావా. సోటున్నాది."

నూకయ్య కవళ్లు ఎక్కాక కూడా ఐసు వ్యాను కదలలేదు. వెనక ఇంకా పేర్లున్నాయి మరి. షెడ్డులో కుసుమ ఇంకో తెప్ప పేరు కొడుతోంది.