టూ తర్వాత రావలసిన మాట

మా నాన్నగారి సంతాపసభలో ఒక పెద్దమనిషి మైకు పట్టుకుని, "మాస్టారు టూ గుడ్ అండి, టూ టూ గుడ్" అన్నాడు. వెనక ఎవరో చప్పట్లు కొట్టబోయి, ఎందుకొచ్చామో గుర్తొచ్చి ఆగారు.

నేను ఆడవాళ్ళ వైపు కూర్చుని మిగతా వాక్యం కోసం చూశాను. రాలేదు. డెబ్బైల్లో మా తిరువూరులో టూ వాడని మనిషి లేడు. ఎండ టూ మచ్, గంపలగూడెం బస్సు టూ లేట్, హోటల్లో పెసరట్టు టూ టేస్టీ. వీళ్ళలో చాలామందికి ఇంగ్లీషు చెప్పింది మా నాన్నగారే. ఉద్యోగమంతా పడిన శ్రమకు అదీ ఫలితం.

"వెరీ అంటే చాలా. టూ అంటే మరీ. మరీ అన్నాక దాని వెనక ఒక 'లేదు' ఉంటుంది. కాఫీ వెరీ హాట్ అంటే ఊదుకుని తాగు. టూ హాట్ అంటే తాగలేవు," అని చెప్పేవారు. టూ తీసేసి, అర్థం మారకుండా వాక్యం తిరిగి రాయమని పరీక్షలో ఒక ప్రశ్న ఉండేది. పిల్లలు టూ ఒక్కటి కొట్టేసి మిగతాది అలాగే ఉంచేవారు. అడిగితే, "తీసెయ్యమన్నారు కదా సార్," అనేవారు.

ఆ సభ జరిగిన వేసవిలోనే ఆయనకు జ్వరం పట్టుకుని వదల్లేదు. మంచం దిగలేకపోయారు. బెజవాడ పెద్దాసుపత్రికి తీసుకెళ్దామని అమ్మ టాక్సీ మాట్లాడించింది. ఊళ్ళో డాక్టరు వచ్చి నాడి చూసి, "హి ఈజ్ టూ వీక్" అని, సంచీ సర్దుకుని వెళ్ళిపోయాడు.

"చాలా నీరసంగా ఉన్నారంట. తొందరగా బయల్దేరాలి," అంది అమ్మ.

నాన్నగారు కళ్ళు తెరిచారు. "చాలా అనలేదు. టూ అన్నాడు. ప్రయాణం చెయ్యలేనంత అని. డాక్టరే వద్దన్నాక టాక్సీ ఎందుకు?"

"మీరు ఊరుకోండి. ఆయన చదివింది వైద్యం, గ్రామరు కాదు."

"నా అనుమానమూ అదే," అని నా వైపు తిరిగారు. "వెళ్ళి కనుక్కోమ్మా. వెరీ అయితే వస్తాను. టూ అయితే నన్నిక్కడే ఉండనివ్వండి."

వెళ్ళాను. డాక్టరు ఎవరి చెవిలోకో చూస్తున్నాడు. మీరన్నది టూనా, వెరీనా అని అడిగితే, నన్ను కూడా వరసలో కూర్చోబెట్టాలేమో అన్నట్టు చూశాడు.

"తేడా ఏంటమ్మా?"

"టూ అయితే ప్రయాణం చెయ్యలేరని అర్థమంట."

ఆయన నవ్వాడు. "మాస్టారు ఇంకా దాన్ని వదల్లేదా? తొమ్మిదో తరగతిలో నన్ను దీనికే బెంచీ ఎక్కించారు. నేనన్నది చాలా వీక్ అని. అంతే. తీసుకెళ్ళండి, ఏం కాదు."

ఇంటికొచ్చి ఉన్నది ఉన్నట్టు చెప్పాను.

"నా స్టూడెంటే," అన్నారు నాన్నగారు. "సరే, పదండి."

మైలవరం చేరకముందే అమ్మ ఒడిలో పోయారు. డ్రైవరు బండి పక్కకు ఆపి, ముందుకా, వెనక్కా అని అడిగాడు.

సంతాపసభకు డాక్టరు కూడా వచ్చాడు. వక్తలందరూ నాన్నగారిని తలా ఒక టూతో సాగనంపేదాకా ముందు వరసలో తల వంచుకుని కూర్చున్నాడు. సభ అయ్యాక నా దగ్గరికొచ్చాడు.

"ఐయామ్ టూ సారీ అమ్మా," అన్నాడు.

అలవాటు కొద్దీ మిగతా వాక్యం కోసం చూశాను. ఆయన నోరు తెరిచాడు. మాట రాలేదు. చెప్పులు వెతుక్కుని వెళ్ళిపోయాడు.

మా నాన్నగారి విషయంలో ఆ డాక్టరు టూ అన్న మాట రెండుసార్లు వాడాడు. రెండుసార్లూ సరిగ్గానే వాడాడు.