చివికిన చూరు పలక, వేలాడిన నేను

ముందే ఒప్పుకుంటున్నా. పోయిన నెల ఒక శనివారం మా వసారాలో దూలం పట్టుకుని నేను గాల్లో వేలాడిన మాట నిజమే. వీధంతా చూసింది. కానీ ఆ రోజు మా ఇంట్లో తెలివైన పని చేసింది ఎవరయ్యా అంటే, నేనే! టీ చల్లారిపోతుంది, తాగుతా వినండి.

మాది బోగోలు దగ్గర పాత పెంకుటిల్లు. సముద్రం గాలి, ఉప్పు తేమ, పైన వానలు. ఆ మరుసటి రోజు ఆదివారం సాయంత్రం మా వసారాలోనే ప్రార్థన కూడిక. మా ఆయన దానియేలు పోర్టు డ్యూటీకి పోతా పోతా, "చూరు పలకకి ఒక కోటింగ్ పెయింట్ కొట్టు, కొత్త ఇల్లు మాదిరి ఉంటది" అన్నాడు.

డబ్బా మూత తీసి, ప్లాస్టిక్ స్టూలు ఎక్కి చూసినా. పెంకుల అంచున బిగించిన ఆ చెక్క పలక మీద పాత పెయింట్ బొబ్బలు లేచి ఉంది. దాని పైన ఒక పెంకు పగిలి ఉంది. పలక మీద నల్లటి చార! నాకు అనుమానం వచ్చేసింది. చెక్క చివికిందో లేదో ఎట్లా చూడాలో ఫోన్‌లో అంతకుముందే ఒక వీడియో చూసి ఉన్నా లెండి. స్క్రూడ్రైవర్ తెచ్చి మెల్లిగా గుచ్చినా. అబ్బా! ఉప్మాలో స్పూన్ దిగినట్టు దిగిపోయింది.

దానియేలుకు ఫోన్ చేసినా. "ఏవండీ, పలక చివికిపోయింది. ముందు పెంకు మార్చాలి, నీళ్లు ఆపాలి. పెయింట్ తర్వాత!"

"నీకు అన్నీ అనుమానాలే. పైన పెయింట్ వేసెయ్."

నాకు రోషం వచ్చింది. సరే, ముక్క ఊడబెరికి ఫోటో పంపిస్తా అనుకుని, రెండు చేతులతో పలక పట్టుకుని ఒక్క గుంజు గుంజినా.

ముక్క కాదు, పలకంతా వచ్చేసింది! దానితోపాటు పెంకులు ధడధడా పడినాయి. నేను ఉలిక్కిపడ్డా, స్టూలు జారింది. పక్కనున్న దూలం అందితే కరుచుకుని వేలాడినా. కళ్లు గట్టిగా మూసేసుకున్నా.

"అత్తా! పడిపోతున్నా! నిచ్చెన!"

మా అత్త సువార్తమ్మ వంటింట్లోంచి వచ్చింది. పక్కింటి కరుణక్క గోడ దగ్గరికి వచ్చింది. ఆమె వెనక ఇంకా ఎవరెవరో. ఒకామె "ప్రభువా, కాపాడు" అని గట్టిగా ప్రార్థన మొదలుపెట్టింది.

"ఏమే, ఆ దూలం కూడా ఊడొస్తుందేమో!" అని కరుణక్క అరిచింది.

"రాదక్కా! ఇందాకే దాన్నీ గుచ్చి చూసినా, గట్టిగా ఉంది!" అని పైనుంచే చెప్పినా. "పలకకి పట్టింది చెదలు కాదక్కా, తడి! మీ కిటికీలు కూడా చూసుకోండి!"

వేలాడతా కూడా క్లాసు చెప్పినానంటే చూడండి!

అప్పుడు మా అత్త దగ్గరికొచ్చి, చాలా నెమ్మదిగా అన్నది. "అమ్మాయ్, కళ్లు తెరిచి కిందికి చూసుకో."

చూసినా. నా కాళ్లకీ నేలకీ మధ్య జానెడు!

దిగినా. ఎవరూ నవ్వలేదు. ఎందుకంటే అందరూ కుర్చీని చూస్తా ఉన్నారు. మరుసటి రోజు పాస్టరమ్మ గారి కోసం తుడిచి పెట్టిన కుర్చీ. పెంకులు సరిగ్గా దానిమీదే పడి, అది రెండు ముక్కలై ఉంది. పెయింట్ వేసి ఊరుకుని ఉంటే? కూడికలో ఏ గాలి గట్టిగా వీచినా ఆ పెంకులు పాస్టరమ్మ గారి నెత్తిమీదే!

దానియేలు వచ్చి ఆ కుర్చీ చూసి, "నువ్వు చెప్పిందే కరెక్టు" అన్నాడు. పెళ్లయిన ఇన్నేళ్లకి! కూడిక కరుణక్క ఇంట్లో జరిగింది. తర్వాత పెంకులు మార్పించి, కొత్త పలక కోసిన అంచులకి కూడా తడి పట్టకుండా అడుగుపూత ప్రైమర్ పట్టించి, పెయింట్ నేనే వేసినా.

ఇప్పుడు మా వీధిలో ఎవరి తలుపు ఉబ్బినా, ఎవరి కిటికీ మెత్తబడినా నాకే కబురు. నేనూ దర్జాగా స్క్రూడ్రైవర్ పట్టుకుని పోతున్నా. మర్యాదలు కూడా బాగానే చేస్తున్నారు. నేను గడప తొక్కగానే కాఫీ కంటే ముందు, కింద పరుపు వేస్తున్నారు!