రేడియో చేతికి యుకులేలే

ఆ సెలూన్ ఆయన్ని వీధిలో అందరూ రేడియో అంటారు. అసలు రేడియోకైనా కట్టేసే మీట ఉంటుంది, ఈయనకి అదీ లేదని వెనకాల నవ్వుకుంటారు. కుర్చీలో కూర్చున్న మనిషి మెడకి గుడ్డ బిగించడం ఆలస్యం, మొదలెట్టేస్తాడు. చేతిలో కత్తి ఉంది కాబట్టి ఎవరూ కాదనరు. ఇన్నేళ్లుగా ఎవరూ కాదనకపోయేసరికి, లోకం తన మాటల కోసం చెవి కోసుకుంటోందని ఆయనకి గట్టి నమ్మకం కుదిరిపోయింది.

ఆయన భార్య పెద్దాసుపత్రిలో నర్సు. ఉద్యోగంలో చేరిన నాటి నుంచీ ఆవిడ నోటి వెంట వచ్చినవి ‘కాస్త ఓర్చుకోండి’, ‘ఇదిగో, అయిపోయింది’ లాంటి ముక్కలే. ఇంటికొస్తే ఆ పాటి సందు కూడా దొరకదు. అలాంటి మనిషి రిటైరయ్యే రోజులు దగ్గరపడ్డాక, ఓ సాయంత్రం ఉతికిన బట్టలు మడతపెడుతూ మొగుడికి షరతు పెట్టింది.

“నా వీడ్కోలు సభకి మీరు రావాలి. కానీ నోరు తెరవకూడదు. ఆ ఒక్క రోజూ నేను మాట్లాడాలి.”

“నేనెప్పుడు అడ్డొచ్చానే నీకు?”

“హెడ్ నర్సు గారి సభలో మైకు లాక్కుని చుండ్రు గురించి చెప్పలేదూ? పాపం ఆవిడ టీ చల్లారిపోయింది. మాట్లాడదామని లేచిన మనిషి లేచినట్టే కూర్చుంది.”

“చుండ్రంటే అంత చులకనా?”

“ఒట్టెయ్యండి.”

వేశాడు. వేశాక అన్నం సహించలేదు. సభ జరుగుతుందట, అందులో తనూ ఉంటాడట, అయినా ఒక్కరూ తనకేసి చూడరట! ఇదెక్కడి అన్యాయం? ఆ దిగులులోనే ఫోను గెలుకుతుంటే ఓ అమ్మాయి కనిపించింది. చంటిపిల్లని ఎత్తుకున్నట్టు ఓ బుల్లి వాయిద్యాన్ని ఒళ్లో పెట్టుకుని టింగుటింగుమనిపిస్తోంది. నాలుగంటే నాలుగే తీగలు. చుట్టూ జనం కళ్లప్పగించి చూస్తున్నారు. ఆ పిల్ల నోరు విప్పలేదు!

“నోరే కదా మూసుకోమంది, చేతులు కట్టుకోమనలేదుగా!” అని తొడ చరుచుకుని, మర్నాడే వెళ్లి అలాంటిదే ఒకటి, యుకులేలే అంటార్ట, కొనుక్కొచ్చాడు.

గురువు దగ్గర చేరొచ్చు కదా అని మీరంటారు. గురువంటే ఆయన చెబుతుంటే ఈయన వినాలి. ఈయన జాతకంలో వినడం రాసి లేదు. ఫోనులో ఆ పాపే పాఠాలూ చెబుతుందని తెలిసి, ఆ పిల్లనే గురువు చేసుకున్నాడు. నచ్చనప్పుడు నొక్కి నోరు మూయించొచ్చు కూడా.

తప్పు మొదటిరోజే జరిగింది, అదీ ఆయన వృత్తి వల్లే. ఆయన మనుషుల ముఖాలు చూసేదంతా అద్దంలోనే. అద్దంలో కుడి మీసం పొడుగ్గా ఉందనిపిస్తే చెయ్యి కుడివైపే వెళ్తుంది, ఆలోచించే పనే లేదు. ఎదురుగా ముఖం కనిపించిందంటే అది అద్దమే అన్నట్టు అలవాటైపోయిన కళ్లవి. తెరమీద పాప వాయిద్యం మెడ, అదే తీగలు నొక్కే పొడుగు కాడ, తనకి కుడివైపు కనిపించింది కదా, ఈయనా మెడని కుడివైపే పెట్టుకుని కూర్చున్నాడు. దాంతో వాయిద్యం తిరగబడింది, తీగల వరుస తలకిందులైంది. పాపకి నేలవైపు ఉండే తీగ ఈయనకి గడ్డం కిందికొచ్చింది. “అన్నిటికన్నా కింది తీగ, మూడో మెట్టు” అని పాప తీయగా చెప్పేది. ఈయన శ్రద్ధగా కింది తీగే నొక్కేవాడు. అది వేరే తీగ. పాప మీటితే తేనె, ఈయన మీటితే తలుపు కీచుమన్నట్టుండేది.

“మొదట్లో అంతే. చెవికి అలవాటవ్వాలి,” అన్నాడు గడ్డం నురగతో కుర్చీలో ఇరుక్కుపోయిన లెక్కల మాస్టారితో.

“చెవికి అలవాటయ్యేలోగా ప్రాణం పోయేలా ఉందయ్యా. ముందు ఆ రెండో చెంప గీకి పుణ్యం కట్టుకో!”

తీగలు నాసిరకం అన్నాడు. వాన గాలికి చెక్క ఉబ్బిందన్నాడు. ఫోను స్పీకరులో దుమ్ముందని చీపురుపుల్లతో పొడిచాడు. తన చేతుల మీదికి మాత్రం అనుమానం పోలేదు మహానుభావుడికి.

భార్యకి మాత్రం ఓ చూపులోనే తెలిసిపోయింది. ఆవిడ పనంతా ఎదురుగా ఉన్న మనుషులతోనే. వాళ్ల కుడిచెయ్యి తనకి ఎడమవైపు ఉంటుందని ఆవిడకొకరు చెప్పక్కర్లేదు.

“ఏమండీ, ఆ అమ్మాయి పట్టుకున్నది అలా కాదు, మీరు...”

“సూదులు పొడిచేదానివి, నీకెందుకే సంగీతం?”

“అది కాదండీ, ఆ మెడ...”

“అబ్బబ్బ, శ్రుతి పోయింది చూడు నీ మాటలతో!”

లేని శ్రుతి ఎలా పోతుందో ఆవిడకి అర్థం కాలేదు. వంటింట్లోకి వెళ్లి, సభలో చెప్పాలనుకున్న నాలుగు మాటలు పెదవులు కదుపుతూ వల్లె వేసుకుంది. “ఏంటే ఆ గొణుగుడు!” అని హాల్లోంచి కేక.

సభ రోజు రానే వచ్చింది. ఆసుపత్రి మీటింగు గదిలో ప్లాస్టిక్ కుర్చీలు, బిస్కెట్లు, ఓ పూలగుత్తి. పెద్ద డాక్టరు గారు లేచి, “ఇప్పుడు మన సిస్టర్ గారు మాట్లాడతారు,” అన్నారు. ఆవిడ మైకు పట్టుకుని గొంతు సవరించుకుందో లేదో, ముందు వరసలో రేడియో లేచాడు. ఒట్టు ఒట్టే! నోరు మెదపలేదు. చేతులు తిప్పుతూ, కళ్లెగరేస్తూ, ‘ముందు చిన్న కానుక’ అన్నట్టు సైగ చేశాడు. జనం చప్పట్లు కొట్టారు. ఏం చేస్తుంది? ఆవిడ మైకు పక్కన పెట్టింది.

వాయించాడు. బిస్కెట్టు నోట్లో పెట్టుకున్నవాళ్లు నమలడం ఆపేశారు. రెండో వరసలో ఓ కుర్ర డాక్టరమ్మ నవ్వాపుకోలేక, “అంకుల్, దాన్ని తిరగేసి పట్టుకున్నారు!” అంది. గది గదంతా గొల్లుమంది.

తనని చూసి నవ్వారు, తను జవాబు చెప్పకూడదు! ఇక ఒట్టు గిట్టు జాన్తానై. చేతిలో వాయిద్యాన్ని ఓసారి తిప్పి చూసుకున్నాడు, అప్పటికి వెలిగింది సంగతి. మైకు అందుకున్నాడు.

“నవ్వకండి, ఇందులో తప్పు నాది కాదు, అద్దానిది,” అని మొదలెట్టాడు. అద్దం సంగతి చెప్పాడు. నిజం ఒప్పుకోవాలి, బ్రహ్మాండంగా చెప్పాడు. జనం పొట్ట పట్టుకుని నవ్వారు. నవ్వేకొద్దీ ఈయనకి ఊపొచ్చింది. అద్దం నుంచి కత్తెరకి, కత్తెర నుంచి తన హస్తవాసికి, అక్కడి నుంచి సంసారాన్ని తనొక్కడే ఎలా నెట్టుకొచ్చాడో అన్నదానికి వచ్చాడు. చివరికి చుండ్రు కూడా వచ్చింది. ఈలోగా డ్యూటీ మారే గంట మోగింది. అందరూ లేచారు. “మీవారు భలే మాట్లాడతారండీ సిస్టర్!” అని చేతులు కలిపి వార్డులకి వెళ్లిపోయారు. పూలగుత్తితో ఆవిడ నిలబడే ఉంది.

ఆటోలో రేడియో ముఖం వెలిగిపోతోంది. “బాగా జరిగింది కదే?” అన్నాడు. ఆవిడ పూలగుత్తి ఒళ్లో సర్దుకుంది. “ఎలా నవ్వారో చూశావా?” ఆవిడ రోడ్డుకేసి తిరిగింది. అప్పటికి తట్టింది పెద్దమనిషికి. “అవునూ, ఇంతకీ నువ్వేం చెబుదామనుకున్నావే?”

“మీ గురించే.”

“నా గురించా!”

“నాకు నైట్ డ్యూటీలు పడితే, మన పిల్ల చిన్నప్పుడు పొద్దున్నే దానికి జడలేసి బడికి పంపింది మీరేనని. దానికి జ్వరమొస్తే కబుర్లు చెప్పి మందు మింగించింది మీరేనని. ఆ ధైర్యంతోనే ఇన్నేళ్లు ఉద్యోగం చేశానని నలుగురి ముందూ చెబుదామనుకున్నా.”

“అయ్యో! మరి చెప్పకపోయావా?”

“ఇంకెందుకు లెండి. మీ గురించి మీరే చెప్పేసుకున్నారుగా.”