ఎర్ర మాస్కుల ఆర్డరు

కరోనా రోజులు దాటి ఎన్నో ఏళ్ళు కాలేదు గానీ, తలుచుకుంటే ఎప్పుడో తాతల కాలంలో జరిగిన సంగతుల్లా ఉంటాయి. పాలప్యాకెట్లను సబ్బునీళ్ళతో కడిగి ఆరబెట్టిన మనుషులం మేమేనా అని ఇప్పుడు నాకే అనుమానం వస్తుంది. ఆ రోజుల్లో అందరికీ ఏదో ఒక భయం ఉండేది, నాకు మాత్రం ఉండేది కాదు. అదేదో ధైర్యం అనుకునేరు. ఇరవై మూడేళ్ళ వయసు, అప్పుడే పూర్తయిన ఎంబీఏ, ‘పరిస్థితులు చక్కబడ్డాక కబురు చేస్తాం’ అని ఉద్యోగం వాళ్ళు పంపిన మెయిలు, ఇవీ నా ఆస్తులు. చేతిలో పని లేదు, తలలో మాత్రం మార్కెటింగ్ పుస్తకం మొదటి పేజీ నుంచి చివరి పేజీ దాకా ఉంది. అలాంటివాణ్ణి ఇంట్లో ఉంచుకోవడం ఎంత ప్రమాదమో మావాళ్ళకి అప్పటికింకా తెలియదు.

పటమటలో మాకు చేనేత బట్టల కొట్టు ఉంది. పెడనలో ఎనిమిది మగ్గాలవాళ్ళు మాకోసమే నేసేవారు. లాక్‌డౌన్లో కొట్టు మూసేశాక ఆ మగ్గాలూ ఆగిపోయాయి. రోజూ పొద్దున్నే వాళ్ళలో ఎవరో ఒకరు నాన్నకు ఫోన్ చేసి ముందు ఆయన ఆరోగ్యం, తర్వాత అమ్మ ఆరోగ్యం, ఆ తర్వాత నా ఉద్యోగం సంగతి అడిగి, చివర్లో ‘పని ఏమన్నా ఉందా అండీ’ అనేవారు. ఆ చివరి మాట కోసమే ఫోన్ చేశారని నాన్నకు తెలుసు. ఫోన్ పెట్టేశాక ఆయన కొట్టు తాళాలు చేతిలోకి తీసుకుని, మళ్ళీ మేకుకే తగిలించేవారు. కొట్టు మళ్ళీ తెరిచినా చీరలు కొనేవాళ్ళు లేరు. పెళ్ళిళ్ళే ఇరవై మందితో అవుతుంటే చీరలెవరికి? అప్పుడు నేను రంగంలోకి దిగాను. చీరలు కాదు, మాస్కులు నేయిద్దామన్నాను. (మాస్కులు నేయరు, కుడతారు అని అమ్మ సరిదిద్దింది. నేను వివరాల్లోకి పోలేదు.)

దిగీ దిగగానే నేను చేసిన మొదటి సంస్కరణ గురించి చెప్పాలి. చేనేత బట్ట కొత్తలో కాస్త రంగు వదులుతుంది. అందుకే మా నాన్న ముప్పై ఏళ్ళుగా ప్రతి పొట్లం చేతికిస్తూ ఒకే మాట చెప్పేవారు: “మొదటిసారి ఉప్పునీళ్ళలో నానబెట్టండమ్మా, విడిగా ఉతకండి.” కొనేవాళ్ళకు తెలిసినా తెలియకపోయినా సరే, ఆ మాట లేకుండా మా కొట్టులోంచి జేబురుమాలు కూడా బయటికి వెళ్ళేది కాదు. మన సరుకు రంగు పోతుందని మనమే చాటింపు వేసుకోవడమేమిటని నేను నాన్నకు అరగంట క్లాసు తీసుకున్నాను. దీన్ని నెగెటివ్ కమ్యూనికేషన్ అంటారని కూడా చెప్పాను. ఆయన ఓపిగ్గా విని, “చెప్పకపోతే ఎట్టా రా?” అన్నారు. ఇకనుంచి కస్టమర్లతో నేను మాట్లాడతాను, మీరు మాట్లాడొద్దు అన్నాను. సరే అన్నారు. పని లేని మగ్గాలు ఎనిమిది ఉన్నప్పుడు మనిషి దేనికైనా సరే అంటాడని నాకప్పుడు తెలియదు.

గన్నవరం దాటాక హైవే పక్కన ఒక ఎమ్యూజ్‌మెంట్ పార్కు ఉండేది. నెలల తరబడి మూసి ఉన్న ఆ పార్కు తెరుచుకుంటోందని, వచ్చినవాళ్ళకూ పనివాళ్ళకూ ఒకేలాంటి మాస్కులు ఇవ్వాలనుకుంటున్నారని తెలిసింది. నేను ఫోన్ మీద ఫోన్ కొట్టి అపాయింట్‌మెంట్ సంపాదించాను. పార్కు బోర్డు ఎరుపు రంగులో ఉంటుందని, పెడనలో పట్టుబట్టి మిరపపండు ఎరుపు అద్దకం వేయించి, రెండు పొరల మాస్కులు కుట్టించాను. నాన్నమ్మ ఒకదాన్ని వేళ్ళమధ్య నలిపి చూసి, ఇచ్చేముందు ఒకసారి జాడించమంది. జాడిస్తే గంజి పోతుంది, నిగనిగ పోతుంది, ఫస్ట్ ఇంప్రెషన్ పోతుంది అన్నాను. ఆవిడ నాన్నవైపు చూసింది. నాన్న మాస్కులు పెట్టెలో సర్దుతున్నారు.

నాన్నా నేనూ పార్కులో అడుగుపెడుతూనే మా ఇద్దరి నుదుటికీ తుపాకీ పెట్టి జ్వరం చూశారు. తర్వాత ఒక గుడారంలాంటి దాంట్లోకి పంపి, ఏదో మందునీళ్ళు చల్లారు. లోపల సిమెంటు డైనోసార్‌కి కూడా మాస్కు కట్టి ఉంది. నేలమీద ఆరేసి అడుగులకొక తెల్లసున్నం వలయం. జనం తక్కువై, నిలబడేవాళ్ళు లేక ఆ వలయాల్లో పావురాలు తిరుగుతున్నాయి. మేనేజరుగారు తెల్లచొక్కా వేసుకున్న నలభై ఏళ్ళ మనిషి, మర్యాదస్తుడు. మాస్కు చేతిలోకి తీసుకుని బావుందన్నారు, పెట్టుకుని ఇంకా బావుందన్నారు. పనివాళ్ళ చేతా పెట్టించి చూస్తానన్నారు. చివరికి అడగాల్సిన ప్రశ్న అడిగారు.

“మాది నీళ్ళ వ్యవహారం కదండీ. తడిస్తే ఎట్లా ఉంటుంది?”

నాన్న మాస్కు కదలడం నేను చూశాను. లోపల పెదాలు ఉప్పునీళ్ళ దాకా వచ్చేశాయని నాకు అర్థమైంది. ఆయన కంటే ముందే నేను అందుకుని, “తడిసినా చెక్కుచెదరదు సార్. కావాలంటే ఇప్పుడే చూద్దాం” అన్నాను. మార్కెటింగ్ పుస్తకంలో దీన్ని లైవ్ డెమో అంటారు. నాన్న మాస్కు కదలడం ఆగిపోయింది.

ఎత్తునుంచి జారి నీళ్ళలో పడే పడవ ఒకటి ఉందక్కడ. సీటు విడిచి సీటుకు అడ్డంగా పసుపు టేపు అంటించారు. ముందు మేనేజరుగారు, రెండు సీట్ల వెనక నేను, ఇద్దరికీ మా ఎర్ర మాస్కులే. పైకి వెళ్తున్నంతసేపూ నేను చేనేతలో గాలి ఎలా ఆడుతుందో వివరిస్తూనే ఉన్నాను. తర్వాత పడవ జారింది. నీళ్ళు గోడలా లేచి మా ఇద్దరినీ ముంచెత్తాయి. ఒడ్డుకు వచ్చాక నేను గర్వంగా దిగి, ఎలా ఉంది సార్ అని అడిగాను. మేనేజరుగారు మాస్కు కిందికి లాగి జవాబు చెప్పేలోపు, జ్వరం చూసే అమ్మాయి ఆయన మొహం చూసి నాలుగు సున్నం వలయాలు వెనక్కి వెళ్ళిపోయింది.

ముక్కు దగ్గర్నుంచి గడ్డం దాకా, గడ్డం దగ్గర్నుంచి తెల్లచొక్కా రెండో గుండీ దాకా ఎర్రటి ధార. ఆయన చెంప తడుముకుని వేళ్ళు చూసుకున్నారు. “ఇంట్లో చిన్నపిల్లలున్నారండీ” అన్నారు, ఎవరితోనో తెలియకుండా. ఆ రోజుల్లో ఈ జబ్బు ఎన్ని రకాలుగా వస్తుందో రోజుకొకరు వాట్సాప్‌లో పంపేవారు కదా, నెత్తురు కక్కే రకం కూడా ఒకటి వచ్చిందని అక్కడున్న వాళ్ళందరికీ ఒకేసారి నమ్మకం కుదిరింది. నా మొహం నాకు కనిపించదు గనక నేను ఆయన్ని చూసి జాలిపడుతున్నాను. ఈలోగా ఎవరో కర్రతో దూరం నుంచి ఇద్దరినీ ఫస్ట్ ఎయిడ్ గదివైపు నడిపించారు. తలుపు వేశారు. అందులో నర్సమ్మ తల నుంచి కాళ్ళ దాకా తెల్లసంచీ తొడుక్కుని, నా ముక్కు దగ్గర డెటాల్ సీసా పెట్టి వాసన వస్తోందా అని అడిగింది. ముక్కునిండా పార్కు నీళ్ళుంటే ఏం వాసన వస్తుంది? రాలేదన్నాను. ఆవిడ ఒక అడుగు వెనక్కి వేసింది. ఏ భయమూ లేదని మొదట్లో చెప్పుకున్నానే, ఆ మనిషి అక్కడ సీసా ఇంకోసారి పెట్టి చూడమని బతిమాలాడు. ఊపిరి కూడా అందనట్టే అనిపించింది. అమ్మను తలుచుకున్నాను.

అప్పుడు కిటికీ అవతల నాన్న కనిపించారు. మామీదకు నీళ్ళు వచ్చినప్పటి నుంచీ ఆయన పరుగెత్తుకుంటూనే ఉన్నట్టున్నారు, ఆయాసపడుతున్నారు. కిటికీ ఊచలు పట్టుకుని, “అది నెత్తురు కాదండీ. రంగు. కొత్త చేనేత బట్ట మొదట ఉప్పునీళ్ళలో నానబెట్టాలి” అన్నారు. నర్సమ్మ దూది తడిపి మేనేజరుగారి చెంపమీద రుద్ది, దాన్ని వెలుతురులో పెట్టి చూసి, తన టోపీ విప్పేసింది. మేనేజరుగారు కుర్చీలో కూలబడ్డారు. కాస్త తేరుకున్నాక ఆయనకు కోపం రావడం న్యాయమే.

“ముందే చెప్పొద్దా అండీ? నేను అడిగాను గదా” అన్నారు.

నేను తలొంచుకున్నాను. నాన్న నావైపు చూడలేదు.

“మర్చిపోయానండీ,” అన్నారు. “వయసైపోతోంది. వాడికి ఇయ్యన్నీ తెలియదు, నేనే చెప్పాల్సింది.”

తర్వాత ఆయన అదే కిటికీ దగ్గర నిలబడి, ఇవాళ మీరేమీ తీసుకోవద్దండీ అన్నారు. అన్నీ ఉతికి తెస్తామని, వాటిల్లోంచి ఒకటి మీ చేత్తోనే తీసి ఒక రోజంతా మీ నీళ్ళలోనే వేసి ఉంచమని, బొట్టు రంగు దిగినా పెట్టె వెనక్కి పంపేయమని చెప్పారు. చొక్కా మా కొట్టునుంచి పంపిస్తానన్నారు. మేనేజరుగారు ఆయన్ని చాలాసేపు చూసి, అద్దంలో తన మొహం చూసుకుని, అంతసేపు ఆపుకున్న నవ్వు నవ్వేశారు.

ఉతికిచ్చిన మాస్కు వాళ్ళ నీళ్ళకు నిలిచింది, వారం తిరిగేసరికి ఆర్డరు వచ్చింది. మా డాబామీద దండేలన్నీ ఎర్ర మాస్కులే. పెడనలో ఎనిమిది మగ్గాలూ ఆడాయి. ఆ మొదటి రోజు పొద్దున నాన్నే వాళ్ళకు ఫోన్ చేశారు, ఆరోగ్యాలు అడక్కుండా నేరుగా పని సంగతే చెప్పారు.

ఇదంతా నేనెందుకు ఇప్పుడు రాస్తున్నానంటే, ఆ ఆర్డరు కాగితం తీసుకుని స్కూటర్ మీద తిరిగి వస్తూ రామవరప్పాడు దగ్గర సిగ్నల్లో ఆగినప్పుడు జరిగిన సంభాషణ మొన్న హఠాత్తుగా గుర్తొచ్చింది. బండి నడుపుతున్నది నాన్న, వెనక కూర్చున్నది నేను. గడ్డం మీద ఎరుపు ఇంకా పూర్తిగా వదల్లేదు. అయినా నేను ముందుకు వంగి, ఆయన చెవిలో, “చూశారా నాన్నా, నేను గట్టిగా మాట్లాడబట్టే ఆర్డరు వచ్చింది. మీరైతే అన్నీ మర్చిపోతున్నారు” అన్నాను.

ఆ మాట నిజంగానే నమ్మి అన్నాను. ఆయన మరిచిపోయారన్న మాట నేనూ నమ్మేశాను, అంతటి తెలివి.

“అవున్రా, నువ్వుండబట్టి సరిపోయింది” అన్నారు నాన్న. సిగ్నల్ పడింది. వెనక సీట్లో కాలర్ సర్దుకుంటున్న ఆ కుర్రాణ్ణి తలుచుకుంటే, వాడి మీద కోపం కూడా సరిగ్గా రాదు, నవ్వొస్తుంది. వాణ్ణి ఇంటిదాకా క్షేమంగా దింపినాయన అద్దంలో వాణ్ణి చూసుకుంటూనే బండి నడిపారు.